దోనె ముక్క

"రాత్రి పడుకునేటప్పుడు తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు పెద్దమ్మా?" అని అడిగాడు భద్రాచలంలో గుండె డాక్టరు.

నాకు నవ్వొచ్చింది. కాళ్లు వాచిపోయాయి, వాకిలి దాటితే ఆయాసం వస్తోంది అని చెప్పుకోవడానికి నేను పోతే, ఈ పిల్లవాడు దిండ్ల సంగతి అడుగుతాడేమిటి అనుకున్నాను. పెళ్లయి పిల్లల్ని కన్నదాకా నేను దిండు మొహమే చూడలేదు. చెయ్యి మడిచి తల కింద పెట్టుకుంటే అదే దిండు.

"మూడు. అయి గూడ సాలట్లే. ఈ మధ్య గోడకి ఆనుకునే కునుకు తీస్తన్నా" అన్నాను.

"వెల్లకిలా పడుకుంటే ఏమవుతుంది?"

"రొమ్ము మీద ఎవడో కూసున్నట్టుంటది" అన్నాను. అనగానే నోరు మూసుకున్నాను. ఆ మాట నాది కాదు. అరవై ఏళ్లకు పైగా నా చెవిలో పడి ఉన్న మా మామ మాట అది, నా భర్తకు తండ్రి మాట. ఆయన అన్నప్పుడు మేమందరం నవ్వేవాళ్లం.

డాక్టరు మంచివాడు. పక్కన నిలబడ్డ నా మనవరాలికి ఓపిగ్గా చెప్పాడు. గుండె బలం తగ్గితే ఒంట్లో నీరు నిలుస్తుందట. పగలు అది కాళ్లలోకి దిగుతుందట, మనిషి వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందట. అందుకే అట్లాంటివాళ్లు కూర్చునే నిద్రపోతారట. "నిద్ర లేకపోతే గుండె అలిసిపోతుంది, గుండె అలిసిపోతే నిద్ర పట్టదు. ముసలితనంలో ఈ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మీ అమ్మమ్మని ఎప్పుడూ బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టకండి. నీళ్లలో ముంచినట్టే" అన్నాడు.

బయటికొచ్చాక, "ఏంది అమ్మమ్మా, ఏడుస్తన్నవా?" అని అడిగింది మనవరాలు. మందుల వాసనకు కళ్లు మండుతున్నాయని చెప్పాను. నేను అబద్ధాలాడటంలో ఆరితేరినదాన్ని. అందులో ఒక అబద్ధాన్ని అరవై ఏళ్లుగా ప్రతి చావింట్లోనూ చెప్పుకుంటూ వచ్చాను. మా మామ నిద్రలోనే పోయాడని, కొత్త మంచం మీద, నా చేతి కూడు తిని, కడుపునిండా నిద్రపోతూ పోయాడని, అట్లాంటి చావు ఎందరికి వస్తుందని. అది అబద్ధమని నాకు సగమే తెలుసు. మిగతా సగం ఆ రోజు డాక్టరు చెప్పాడు.

నన్ను ఆ ఇంటికి ఇచ్చేనాటికి అది ఇంకా బస్తర్ సంస్థానం. శబరి ఇవతలి గట్టు రాజుగారిది, అవతలి గట్టు తెల్లదొరలది. కొంటా నుంచి ఎర్రబోరు పోయే బండ్ల బాట పక్కన మా పల్లె. ముప్పై గడప ఉంటుందేమో. సగం మంది మాలాగా నది అవతల నుంచి వచ్చి అడవి కొట్టి మళ్లు చేసుకున్న తెలుగువాళ్లు, సగం మంది ఎప్పటినుంచో అక్కడే ఉన్న దొర్లవాళ్లు. కలిసే బతికేవాళ్లం గానీ, మాకు లోపల ఒక పొగరు ఉండేది. వాళ్లకేం తెలుసు, అడవి మనుషులు అనుకునేవాళ్లం. ఆ పొగరు అందరికంటే నాకే ఎక్కువ.

మా అత్త నా పెళ్లికి ముందే పోయింది. నా భర్త తెప్పలు నడిపేవాడు. టేకు దుంగల్ని తెప్పగా కట్టి, వానలు వెనకపట్టాక శబరిలో వదిలి, గోదావరిలో పడి రాజమండ్రి దాకా పోయేవాళ్లు. దసరా వెళ్లాక పోతే మళ్లీ ఉగాదికే ఇల్లు చూడటం. అంటే సరిగ్గా చేను పండే కాలానికి ఇంట్లో మగదిక్కు ఉండేది కాదు. నేను, నా చంటిది, మా మామ.

మామ వయసులో ఉన్నప్పుడు శబరి మీద దోనె వేసి మనుషుల్ని దాటించేవాడు. ఒకే మానును తొలిచి చేసిన దోనె. అది పగిలిపోతే అందరూ పొయ్యిలో పెట్టమన్నా వినకుండా, ఒక ముక్కను కోసి ఇంటికి తెచ్చుకున్నాడు. మనిషి నడుము నుంచి తల దాకా వచ్చేంత ముక్క. లోపలి వంపు ఆయన వీపుకి కొలత తీసి చేసినట్టు ఉండేది. దాన్ని గుంజకి ఏటవాలుగా చేర్చి, వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. ఆయన నిద్ర అదే. మంచం ఎక్కగా నేను చూసింది తక్కువ.

కాపురానికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని అరుగు మీద అట్లా చూశాను. నోరు తెరుచుకుని ఉంది, మెడ వాలిపోయి ఉంది. చచ్చిపోయాడనుకుని కెవ్వుమని అరిచాను. ఆయన ఒక కన్ను తెరిచి, "ఇంకా లేదులే బిడ్డా. నీ చేతి కూడు నాలుగేండ్లు తిని పోతా" అన్నాడు. ఇరుగుపొరుగంతా చేరి నవ్వారు. సిగ్గుతో నేను ఇంట్లోకి పరిగెత్తాను.

"ఏంది మామా, రాత్రి పండవా?" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"పండుకుంటే రొమ్ము మీద ఎవడో కూసున్నట్టుంటది బిడ్డా. నేను లేసి కూసుంటే వాడు దిగిపోతడు."

అది మా అత్తేనని, బతికుండగా మాట వినని మొగుడి మీద ఇప్పుడు కూర్చుని కసి తీర్చుకుంటోందని పల్లెలో ఒక వేళాకోళం. ఆయనా నవ్వేవాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కదా, ఆయనకు కూర్చున్నా నిద్రే, ఇక మంచం ఎందుకని నేను సరిపెట్టుకున్నాను.

వరి పొట్టకొచ్చిందంటే మా పక్క అడవిపందుల రాజ్యం. మళ్ల నడుమ ఎత్తుగా మంచె కట్టి, రాత్రికొక ఇంటివాడు వంతు వేసుకుని కావలి ఉండేవాళ్లు. నిప్పు రాజేసుకుని, డబ్బా కొడుతూ, కేకలు వేస్తూ తెల్లార్లూ మేలుకోవాలి. ఒక ఏడు సంస్థానం మనుషులొచ్చి బాట పనికని, సాహెబుల పెట్టెలు మొయ్యడానికని మగవాళ్లను బేగారికి పట్టుకుపోయారు. కూలి లేని చాకిరి అది, కాదంటే తన్నులు. మిగిలినవాళ్లు పగలు కోతకు, రాత్రి కావలికి పోయి ఒళ్లు తెలియకుండా ఉన్నారు. ఒక రాత్రి వంతువాడు మంచె మీదే గుర్రు కొట్టాడు. తెల్లారేసరికి నాలుగు మళ్లు పందులు తొక్కి పోసిన బురద.

మర్నాడు మా ఇంటి ముందు పంచాయితీ జరిగింది. తిట్టుకుని తిట్టుకుని అలిసిపోయాక పల్లె పెద్ద మా మామ వైపు చూశాడు. "నిద్దర రాని మనిషిని అరుగు మీద పెట్టుకుని, నిద్దరపొయ్యేటోణ్ణి మంచె ఎక్కిస్తన్నం. మనంత తెలివితక్కువోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. మామ కూడా నవ్వి, "ఎట్టాగూ మేలుకునే ఉంట. ఈడ కూసుంటే ఏంది, ఆడ కూసుంటే ఏంది" అన్నాడు.

అట్లా మొదలైంది. అన్ని ఇళ్ల వంతులూ మా మామకే. బదులుగా ఏ ఇంటి వంతు ఆయన కాస్తే ఆ ఇంటివాళ్లు మా పొలంలో ఒకరోజు పని చెయ్యాలి. దున్నడానికి, నాటడానికి, కోతకు, నూర్పిడికి మనుషులు తమంతట తామే వచ్చి వాకిట్లో నిలబడేవాళ్లు. మొగుడు ఊళ్లో లేని ఆడదానికి అంతకన్నా ఏం కావాలి? మా మామ కంటి మీద కునుకు లేకపోవడమే మా ఇంటికి అరక, అదే కొడవలి. ఇంకొకరి నిద్రలేమి మీద నా ఇల్లు నిలబడింది. అప్పుడు నేను ఇట్లా అనుకోలేదు. దేవుడు చల్లగా చూశాడనుకున్నాను.

దోనె ముక్కను మంచె మీదికి చేర్పించుకున్నాడు. పొద్దు వాలకముందే మంచె ఎక్కేవాడు, పొద్దెక్కాక దిగేవాడు. రాత్రంతా ఉండి ఉండి "ఓ... హోయ్" అని కేక వేసేవాడు. ఆ గొంతు మళ్లు దాటి, అడవి అంచుకు తగిలి తిరిగొచ్చేది. పాలకోసం చంటిది లేచినప్పుడు నాకు ఆ కేక వినపడేది. కావలి ఉంది, పడుకోవచ్చు అని మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని. పల్లెకు పల్లె ఆ కేక మీదే నిద్రపోయేది.

మూడో ఏడుకు ఆయన కాళ్లు వాచాయి. పిక్క మీద వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అట్లాగే ఉండేది. నా కూతురికి అప్పటికి నడక వచ్చింది. తాత ఒళ్లో కూర్చుని ఆయన కాలి మీద వేలితో గుంటలు పెట్టడం దాని ఆట. అవి నెమ్మదిగా పూడుకుంటుంటే చప్పట్లు కొట్టేది. "ఇంకోటి పెట్టు తల్లీ, నీ మడిలో నాటుకుందువు" అనేవాడాయన. నేను కూడా చూసి నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

మంచెకు అయిదు మెట్లు. ఒకసారి కూడు తీసుకుని తొందరగా పోతే చూశాను. ఒక మెట్టు ఎక్కి, కర్రను వాటేసుకుని, నుదురు దానికి ఆనించి నిలబడుతున్నాడు. మళ్లీ ఒక మెట్టు. పొద్దుండగానే ఎందుకు పోతాడో అప్పుడు తెలిసింది. ఎవరూ చూడకుండా ఎక్కడానికి. నన్ను చూసి, "దోనె తోసిన చేతులు బిడ్డా, నిచ్చెనంటే ఇష్టం లేదు వాటికి" అన్నాడు. ముసలితనం అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా అంటే, ఒంటికి బలం వస్తుందని రోజూ ఉప్పుచేప పులుసు చేసి పంపాను. ఉప్పుచేప అంటే ఆయనకు ప్రాణం. నా డాక్టరు ఇప్పుడు ఉప్పు ముట్టుకోవద్దన్నాడు. నా ప్రేమ కూడా ఆయన్ని తిన్నదే.

నాకు నోటి దురుసు ఎక్కువ. అది దాచడం దేనికి. ఆ ఏడే ఒక పగలు వాకిట్లో కొత్త ధాన్యం ఎండబోసి, కాస్త చూస్తుండమని ఆయనకు చెప్పి ఏటికి పోయాను. వచ్చేసరికి ఆయన గుంజకు ఆనుకుని నిద్రపోతున్నాడు. ఎవరివో రెండు ఎడ్లు ధాన్యం మేస్తున్నాయి. కడవ అక్కడే పెట్టి విరుచుకుపడ్డాను. "ఊరందరికీ కావలి కాస్తవు, ఇంటి గింజలు కాయలేవా? పగటి నిద్దర పనికి చేటు, ఇంటికి చేటు! నీకు గూడ ఒక కావలి పెట్టాల్నా?" అన్నాను. పక్కింటివాళ్లు వింటున్నారని తెలిసే అన్నాను.

ఆయన లేచి ఎడ్లను తోలాడు. ఆ పది అడుగులకే రొప్పుతూ కూలబడ్డాడు. ఊపిరి అందాక, "తప్పయింది బిడ్డా. నాకు పొద్దుండగ కావలి అలవాటు లేదు" అన్నాడు. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి పగలు నేను కనబడితే ఆయన కళ్లు బలవంతంగా తెరుచుకుని కూర్చునేవాడు. రాత్రి ఊరు లాక్కున్న నిద్ర పోగా మిగిలిన కాస్త నిద్రా నేను లాక్కున్నాను.

మా వెనకింట్లో ఒక దొర్ల అవ్వ ఉండేది. మొగుడు పోయినది. ఒకరోజు ఉప్పు అడగడానికి వచ్చి, మామ కాళ్లు చూసి, ముందు వంగి వాసన చూసినట్టు ఆయన ఊపిరి విన్నది. తర్వాత నన్ను పక్కకు పిలిచి వచ్చీరాని తెలుగులో చెప్పింది. "మా ముసలోడు గూడ గిట్లనే కూసున్నడు. రెండు వానలు కూసున్నడు. అందరు పండు పండు అన్నరు. పండిన్రోజు పోయిండు. ఈణ్ణి పండనియ్యకు. కూసున్నోడు బతుకుతడు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. "మీ ఇళ్లల్ల చావు మాటలు మా ఇంట్ల మాట్లాడకు. ఉప్పు తీస్కొని పో" అన్నాను. ఆమె ఉప్పు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. డాక్టరు పెద్ద చదువు చదివి చెప్పిన మాట, ఆ అవ్వ చదువు లేకుండా అంతకు అరవై ఏళ్ల ముందే నా వాకిట్లో నిలబడి చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు ఆమె మాట పట్టుకుని కూర్చున్నాను.

కోతలన్నీ అయ్యి కుప్పలు ఇళ్లకు చేరిన రోజున మా పల్లెలో మంచె దింపేవాళ్లు. దానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. మంచె మీద ఉన్న కర్ర ముక్క ఏదీ మరుసటేటికి మిగలకూడదు, ఆ కట్టెతోనే కొత్త బియ్యం పాయసం వండాలి. రెండోది, కావలివాడు ఆ రాత్రి తన ఇంట్లో మంచం మీద నడుం వాల్చి నిద్రపోవాలి. వాలిస్తేనే కావలి ముగిసినట్టు. కూర్చుని ఉంటే కావలి ఇంకా ఉన్నట్టేనని, పందులకు అది పిలుపని నమ్మకం. ఎవరు పెట్టారో తెలియదు. రోజూ మేలుకున్నవాణ్ణి ఒక రాత్రి సుఖంగా పడుకోబెట్టాలని ఎవరో మంచి మనసుతోనే పెట్టి ఉంటారు.

మొదటి ఏడు మామ ఎట్లాగో ఆ రాత్రి గడిపాడు. రెండో ఏడు నడుమ లేచి కూర్చున్నాడు. వేకువన ఎవరో చూశారు. ఆ మరుసటేడు, అంటే కాళ్లు వాచిన ఏడు, ఆయన కేకలు వేస్తుండగానే ఒక రాత్రి పందులు లోతట్టు మళ్లలో పడ్డాయి. ఇక ఊరంతటి నోళ్లూ లేచాయి. మంచె దింపే ముందురోజు పల్లె పెద్ద వచ్చి నాతో చెప్పాడు. "ఈయేడన్న మీ మామను నడుం వాల్చమను. లేకుంటే వచ్చే ఏడు వేరే మనిషిని చూసుకుంటం. నువ్వు మనసులో ఏం పెట్టుకోకమ్మా."

వేరే మనిషి అంటే నా పొలంలోకి మనుషులు రారు. నా భర్త తెప్పల మీద. చేతిలో పసిపిల్ల, కడుపులో ఇంకొకటి. "నేను పండబెడత. నేనే పక్కన కూసుంట" అన్నాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఊరి పిడికిళ్లు ఊరివి. నా పిడికిలి మాత్రం అందరికంటే పెద్దది.

మర్నాడు మంచె దింపారు. కర్రలన్నీ నరికి మా వాకిట్లోనే పొయ్యి పెట్టారు, కావలివాడి ఇల్లు కదా. దోనె ముక్క కూడా మంచె మీదిదే. అంతకుముందు రెండేళ్లూ ముందురోజే దాన్ని ఇంటికి చేర్చుకున్నాడు, ఈయేడు దించుకునే ఓపిక ఆయనకు లేకపోయింది. గొడ్డలి పట్టుకున్నవాడు మామ మొహం చూసి ఆగాడు. నేనే, "మంచె మీది కట్టె ఏదైన మంచె కట్టెనే. కానియ్యి" అన్నాను. మూడు దెబ్బలకు చీలింది. ఎన్ని వానలు, ఎంత ఏటి నీరు తాగిందో గానీ మంట మాత్రం జోరుగా లేచింది. మామ కాసేపు చూసి, "మంచిగ కాలుతంది. ఎండిన కట్టె" అన్నాడు. ఆ రోజు పాయసం రుచిగా ఉందని ఆకు నాకారు జనం.

మంచానికి నెల రోజులుగా నేనే నులక పేని, కొత్తగా అల్లి ఉంచాను. ఎంత బిగువుగా అల్లానో నాకు గొప్ప. ఆయన దాని అంచున కూర్చుని చేత్తో నిమిరి, "మంచిగ అల్లినవు" అన్నాడు.

"ఇగ పండు మామా."

"తల కిందికి ఏదన్న ఎత్తుగ పెట్టు బిడ్డా. ఒక సంచి గడ్డి అయినా సరే."

వాకిలి బయట ఇంకా ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ నిలబడి ఉన్నారు. వాళ్లు చూస్తున్నారో లేదో నాకు తెలియదు. "ఎత్తు పెట్టుకుంటే కూసున్నట్టే అంటరు మామా. నడుం వాల్చాలె అంటే వాల్చాలె. ఒక్క రాత్రి. నా కోసం పండు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కోపం లేదు. దోనెలో కూర్చున్న మనిషి భయపడుతుంటే దోనె తోసేవాడు చూస్తాడే, అట్లా చూశాడు. "సరే తియ్యి" అని వెల్లకిలా పడుకున్నాడు.

చెప్పినట్టే మంచం పక్కన కింద కూర్చున్నాను. కావలివాడికి నేను కావలి. ఆయన కళ్లు మూసుకున్నాడు. మెల్లగా గొంతులో గురగుర మొదలైంది, ఉడికే కుండ మీద మూత అదిరినట్టు. గురక పెడుతున్నాడు, హమ్మయ్య, నిద్ర పట్టింది అనుకున్నాను. బయట ఉన్నవాళ్లతో కూడా, "ఇంటన్నరా? గుర్రు పెడతన్నడు!" అని గొప్పగా చెప్పాను. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. కూతుర్ని పక్కలో వేసుకుని, ఆ చప్పుడు వింటూనే మంచం పక్కన నేలమీద పడుకున్నాను. చాలా రోజుల తర్వాత ఒళ్లు తెలియని నిద్ర పట్టింది నాకు.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

ఊరికి చెప్పింది ఒకటి. నేను చూసింది ఇంకొకటి. ఆయన పడుకుని లేడు. ఒక కాలు మంచం కిందికి దిగి ఉంది. పాదం నేలకు ఆనీ ఆనక ఉంది. వీపు సగం లేచి, పక్కకు ఒరిగి ఆగిపోయి ఉంది. పెదవుల దగ్గర నురగ ఎండింది. కుడిచేతి నాలుగు వేళ్లూ నులకలోకి దూర్చి, తాడును పిడికిట్లో బిగించి పట్టుకుని ఉన్నాడు. లేవడానికి పట్టుకున్నాడు. వీపు ఆనించడానికి ఏదన్నా దొరుకుతుందేమోనని వెతికి ఉంటాడు. అది అప్పటికి వాకిట్లో బూడిదైంది.

జనం రాకముందే కాలు తీసి మంచం మీద పెట్టాను. తడిగుడ్డతో మూతి తుడిచాను. వేళ్లు మాత్రం రాలేదు. నేను అంత బిగువుగా అల్లిన నులక, ఆయన అంత గట్టిగా పట్టుకున్న పిడికిలి. ఒక్కొక్క వేలే విప్పాను. తర్వాత రెండు చేతులూ రొమ్ము మీద పెట్టి, చక్కగా వెల్లకిలా పడుకోబెట్టి, అప్పుడు ఏడుపు ఎత్తుకున్నాను. వచ్చినవాళ్లందరూ, నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు అన్నారు. నేనూ అదే అన్నాను. దొర్ల అవ్వ మాత్రం వచ్చి ఆయన కుడిచేతి వేళ్ల మీద నులక వేసిన గాట్లు చూసి, నా మొహం చూసి, వెళ్లిపోయింది. ఉగాదికి తిరిగొచ్చిన నా భర్తకు కూడా ఆ మాటే చెప్పాను. అదృష్టవంతుడు అని కళ్లు తుడుచుకున్నాడు. ఆయన పోయేదాకా అదే నమ్మాడు.

మరుసటేడు పందులు వచ్చాయి. ఎప్పటిలాగే.

ఇప్పుడు మనవరాలు రోజూ నా వెనక నాలుగు దిండ్లు పేర్చి, ఒక్కొక్కటీ తట్టి సర్ది, "చాలా అమ్మమ్మా?" అని అడుగుతుంది. చాలు అంటాను. మెత్తని దూది వీపుకు తగిలినప్పుడల్లా ఆయన అడిగిన సంచి గడ్డి గుర్తొస్తుంది. దానికైతే నాకు జవాబు ఉంది. నేను ఇవ్వలేదు, అంతే. నాకు జవాబు దొరకనిది ఇంకొకటి ఉంది. అడవి అంచు దాకా వినపడేలా కేక వేసే మనిషి. నేను ఆయన చేతికి మూర దూరంలో పడుకుని ఉన్నాను. ఆయనకు గొంతు రాలేదా, లేక నా నిద్ర చెడుతుందని పిలవలేదా?

గొంతు రాలేదనే అనుకోవాలని ఉంది.